చివరి బెంచీ టక్ టక్

టీచర్ ట్రైనింగ్‌లో చదివిన సైకాలజీ పరీక్ష రాసిన మర్నాడే మర్చిపోయాననుకున్నా. చివరి బెంచీ పిల్లాడొకడు మళ్ళీ గుర్తుచేశాడు.

నేను బోర్డు వైపు తిరగ్గానే స్కేలుతో బెంచీ మీద టక్ టక్. వెనక్కి చూస్తే తల వంచుకుని బుద్ధిగా రాసుకుంటుంటాడు. "ఏంట్రా అది?" అని అరిచిన ప్రతిసారీ క్లాసంతా నవ్వేది, వాడి పెదాల చివర ఓ చిన్న మెరుపు. అప్పుడు తట్టింది: నేను శిక్ష అనుకుంటున్నది వాడికి బహుమతి! సైకాలజిస్టు స్కిన్నర్ చెప్పిన పునర్బలనం (రీయిన్‌ఫోర్స్‌మెంట్) ఇదే కదా. ఫలితం ఆ పనిని పెంచుతోందంటే అది పునర్బలనమే, మన ఉద్దేశం ఏదైనా సరే.

అరవడం మానేశా. మొదట చప్పుడు ఇంకా పెరిగింది. దీనికీ ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అని పేరుంది, పేరు తెలిస్తే తలనొప్పి తగ్గదు లెండి. తర్వాత తగ్గింది, పూర్తిగా పోలేదు.

నిన్న పక్కన కూర్చుని అడిగా. "నాకు లెక్కలు రావు సార్, నా బుర్ర అంతే" అన్నాడు. గెలుపోటములకు మనం చెప్పుకునే కారణాల మీద పనిచేసిన సైకాలజిస్టు వీనర్ గుర్తొచ్చాడు. ఓటమికి కారణం మారనిది, మన చేతిలో లేనిది అనుకుంటే ఎవరైనా ప్రయత్నం ఎందుకు చేస్తారు? నేనేమో ఇన్నాళ్ళూ "వీడికి పొగరు" అని తేల్చేశా. పరిస్థితిని వదిలేసి స్వభావాన్ని తప్పుపట్టే ఈ అలవాటుకు లీ రాస్ అనే సైకాలజిస్టు 1977లోనే 'ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్' అని పేరు పెట్టాడు.

ఇవాళ ఓ లెక్క తప్పు చేశాడు. "ఇక్కడ మైనస్ గుర్తు వదిలేశావ్, అంతే" అన్నా. అదే స్కేలుతో గీత కొట్టి, మళ్ళీ మొదలెట్టాడు.