సంతకం ఉంది, పేరు లేదు: నా పీహెచ్‌డీ ఇంటర్వ్యూ కథ

నిన్న సాయంత్రం లిస్టు వచ్చింది, క్రిప్టోగ్రఫీలో పీహెచ్‌డీ సీటు నాకు వచ్చేసింది! రాత్రంతా నిద్ర పట్టలేదు. రాతపరీక్ష గురించి పెద్దగా చెప్పను, పాత పేపర్లు చేయండి, నంబర్ థియరీ వదలొద్దు, అంతే. నన్ను ముంచిందీ తేల్చిందీ ఇంటర్వ్యూనే.

పోయినేడాది ఇంకోచోట అడిగారు, డిఫీ-హెల్మన్‌లో, అంటే ఇద్దరు చెరో విలువ బాహాటంగా పంపుకుని ఒక రహస్య కీ కుదుర్చుకునే పద్ధతిలో, మధ్యలోవాడు దూరకుండా ఏం చేస్తావని. ఇద్దరూ ఆ రెండు విలువల మీదా డిజిటల్ సంతకం (సొంత ప్రైవేట్ కీతో వేసేది, జత పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూడగలిగేది) పెడతారన్నా. "అంతే చాలా?" "చాలు సార్." అక్కడే అయిపోయింది. మధ్యలోవాడికి కుదిరిన కీ తెలియదు కదా, ఇంకేం చేయగలడని పావుగంట అదే పాట పాడా.

తిరుగు బస్సులో నోట్‌బుక్కు వెనక గీసుకుంటే అప్పుడు వెలిగింది. సీత బ్యాంకుతో కీ కుదుర్చుకుంటోంది. మధ్యలో మారీచుడు, వాడికీ అదే బ్యాంకులో ఖాతా, సొంత సర్టిఫికెట్ (ఈ పబ్లిక్ కీ ఫలానావాళ్లదని చెప్పే పత్రం) ఉన్నాయి. సీత విలువను తనదంటూ పంపాడు, బ్యాంకు జవాబునూ సంతకాన్నీ ముట్టుకోకుండా సీతకిచ్చాడు, చివర్లో సీత సంతకం తీసేసి అవే విలువల మీద తనది పెట్టాడు. కీ వాడికి తెలియదు, అక్కర్లేదు కూడా. సీత గిఫ్ట్ వోచర్ నంబర్ పంపితే బ్యాంకు అది మారీచుడు పంపాడనుకుని వాడి ఖాతాలో వేస్తుంది.

సంతకంలో ఎదుటివాళ్ల పేరు కూడా కలిపితే సరి. బ్యాంకు "మారీచుడికి" అని సంతకం పెడుతుంది, అది చూడగానే సీత ఆగిపోతుంది. లేదంటే సిగ్మా పద్ధతి: కుదిరిన కీ నుంచి తీసిన కీతో ఎవరి పేరు మీద వాళ్లు మ్యాక్ (ఆ కీ ఉన్నవాళ్లే వేయగల ముద్ర) వేయాలి, మారీచుడు వేయలేడు. వీపీఎన్‌లలో కీ కుదిర్చే ఐకేఈవీ2 వెళ్లేది ఈ దారినే. 1992లోనే డిఫీ, వాన్ ఊర్‌షాట్, వీనర్ ఈ దాడి గురించి రాశారు, నేను చదివిన గైడు పుస్తకంలో మాత్రం ముక్క లేదు. గైడే ఎందుకు చదివావంటారా, ఉద్యోగం చేస్తూ రాత్రి పదకొండుకి పుస్తకం తీసేవాడికి అదే దిక్కు. అయినా రోజుకో ప్రోటోకాల్ చేత్తో గీయండి, ఫోన్ పక్కగదిలో పడేయండి, కళ్లతో చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటాయి.

ఈసారి ఎస్‌టీఎస్ అనే ఇంకో డిఫీ-హెల్మన్ రకం ఇచ్చి, సంతకాన్ని కుదిరిన కీతోనే ఎన్‌క్రిప్ట్ చేశారుగా (రహస్యంగా మార్చారుగా), ఇక భయమేంటన్నారు. "ప్రైవేట్ కీ ఉందో లేదో చూడకుండా సీఏ, అదే సర్టిఫికెట్లిచ్చే సంస్థ, సర్టిఫికెట్ ఇచ్చేస్తే, సీత పబ్లిక్ కీనే మారీచుడు తన పేరున రాయించుకుంటాడు మేడమ్, సీత సంతకం ముట్టుకోకుండా సర్టిఫికెట్ ఒక్కటి మారిస్తే చాలు" అన్నా. తర్వాతి ప్రశ్న, నాన్నగారు ఏం చేస్తుంటారని.