యాంటీవైరస్‌ను తీసేయమనే ముందు

శ్రీకాకుళం, నరసన్నపేట, పలాస ప్రాంతాల్లోని చిన్న కార్యాలయాలలో కంప్యూటర్ల బాగోగులు చూడటం నా వృత్తి. లెక్కలు రాసే టాలీ ప్రోగ్రామ్ తెరుచుకోకపోయినా, తెలుగు టైపింగ్ ఉన్నట్టుండి ఆగిపోయినా, వేలిముద్రల యంత్రం పలకకపోయినా, నేను వెళ్లేసరికే అక్కడ ఎవరో ఒకరు "ముందు ఆ యాంటీవైరస్ తీసేయండి, అన్నీ అవే సర్దుకుంటాయి" అని చెప్పి ఉంటారు. ఆ సలహా చాలాసార్లు ఫలిస్తుంది, అందుకే అది అంతగా ప్రచారంలో ఉంది. అయితే పని జరిగిపోయాక ఆ రక్షణను తిరిగి పెట్టాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. జీడిపప్పు వ్యాపారి ఏడాది లెక్కలన్నీ ఉన్న కంప్యూటర్ నెలల తరబడి కాపలా లేకుండా ఉండిపోతుంది. నిజానికి ఏ ప్రోగ్రామ్‌తోనైనా ఘర్షణ పడేది యాంటీవైరస్ మొత్తం కాదు, అందులోని ఏదో ఒక విభాగం. ఆ విభాగం ఏదో గుర్తించి, అక్కడ అవసరమైనంత మేరకే సడలింపు ఇవ్వడం సాధ్యమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ ముప్పు మన దాకా రాదులే అనుకునేవారికి ఒక విషయం గుర్తుచేయాలి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే దాడి ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దెబ్బతిన్న జిల్లాల జాబితాలో శ్రీకాకుళం పేరు కూడా అప్పటి వార్తల్లో వచ్చింది. ఆ దాడి వాడుకున్న విండోస్ లోపాన్ని సరిచేసే నవీకరణను (అప్‌డేట్‌ను) మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. యాంటీవైరస్‌ను అడ్డుగా భావించి తీసేసే చోట నవీకరణలను కూడా అదే కారణంతో ఆపేసి ఉంచడం నేను తరచు చూస్తుంటాను.

ఘర్షణ ఎక్కడ పుడుతుందో తెలియాలంటే యాంటీవైరస్ ఎక్కడ కూర్చుని పనిచేస్తుందో తెలియాలి. విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైలును తెరవమని అడిగినప్పుడు ఆ అభ్యర్థన నేరుగా డిస్కుకు చేరదు. మధ్యలో ఫిల్టర్ డ్రైవర్లు అనే చిన్న ప్రోగ్రామ్‌లు వరుసగా ఉంటాయి, ప్రతి దానికీ ఆ వరుసలో తన స్థానాన్ని తెలిపే ఒక సంఖ్య ఉంటుంది. యాంటీవైరస్ ఫిల్టర్లకు మైక్రోసాఫ్ట్ కేటాయించిన సంఖ్యలు 3,20,000 నుంచి మొదలై 3,30,000 లోపు ఉంటాయి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎఫ్, ఎల్, టి, ఎమ్, సి అనే అయిదు ఆంగ్ల అక్షరాలు కలిపి కొడితే ఆ జాబితా కనిపిస్తుంది. అందులో విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్ ఫిల్టర్ కాక, వేర్వేరు కంపెనీలకు చెందిన రెండు ఫిల్టర్లు ఆ సంఖ్యల మధ్య కనిపిస్తే, ఆ కంప్యూటర్ మందగించడానికి వేరే కారణం వెతకనక్కర లేదు. ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చిన ప్యాకేజీ గడువు ముగిసినా లోపలే ఉండగా, దాని మీద మరొకటి కొని ఎక్కించడం వల్ల ఇది జరుగుతుంది. ఒకే వంటగదిలో ఇద్దరు వంటవాళ్లు ఒకే గరిటె కోసం పెనుగులాడినట్టు, ఒకటి తెరిచిన ఫైలును రెండోది తనిఖీ చేయబోతుంది, దాన్ని మళ్లీ మొదటిది తనిఖీ చేస్తుంది. కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేస్తే కొన్నిసార్లు డ్రైవర్లు మిగిలిపోతాయి కనుక, ఆ కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఇచ్చే తొలగింపు సాధనాన్ని వాడి, కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించి, పై జాబితాను మరొకసారి చూసుకోవాలి.

టాలీ విషయానికి వస్తే, మన దగ్గర సాధారణంగా డేటా ఒక కంప్యూటర్లో ఉంటుంది, మిగిలిన రెండు మూడు కంప్యూటర్లు నెట్‌వర్క్ ద్వారా దానిలో రాస్తుంటాయి. అలాంటి చోట ఒకే ఫైలును అటు ఒక యాంటీవైరస్, ఇటు ఒక యాంటీవైరస్ తనిఖీ చేయడం వల్ల వోచర్ భద్రపరిచిన ప్రతిసారీ ఆలస్యం అవుతుంది. దీనికి సి డ్రైవ్ మొత్తాన్ని మినహాయింపు జాబితాలో చేర్చినవారిని చూశాను. అది తలుపు తీయడం కాదు, గోడ కూల్చడం. డిఫెండర్‌లో ఫోల్డర్‌ను మినహాయిస్తే అప్పటికప్పుడు జరిగే తనిఖీ నుంచే కాక, నిర్ణీత వేళల్లో జరిగే తనిఖీ నుంచి కూడా అది తప్పుకుంటుంది. దానికి బదులు ప్రాసెస్ మినహాయింపు ఇచ్చి, టాలీ ప్రోగ్రామ్ పూర్తి చిరునామాను రాస్తే, టాలీ తెరిచే ఫైళ్లకు మాత్రమే అప్పటికప్పటి తనిఖీ ఆగుతుంది; నిర్ణీత వేళల్లో జరిగే తనిఖీలు ఆ ఫైళ్లను యథావిధిగా చూస్తాయి, టాలీ ప్రోగ్రామ్ ఫైలు సైతం తనిఖీకి లోబడే ఉంటుంది. ఈ తేడాను పట్టించుకునేవారు చాలా తక్కువ, కాని నా దృష్టిలో ఇంతకంటే ఉపయోగకరమైన సెట్టింగ్ మరొకటి లేదు.

వేలిముద్రల యంత్రాలది మరో రకం సమస్య. ఆధార్ ధ్రువీకరణకు వాడే యంత్రంతో పాటు ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ కంప్యూటర్లో నడుస్తుంది. బ్రౌజర్‌లోని పేజీ దానితో 127.0.0.1 అనే స్థానిక చిరునామాలో, 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టులలో, అంటే సంఖ్యలతో గుర్తించే ద్వారాలలో, ఒకదాని ద్వారా మాట్లాడుతుంది. యాంటీవైరస్‌లోని వెబ్ విభాగం ఈ సంభాషణలో తలదూర్చితే యంత్రం దీపం వెలుగుతూనే ఉంటుంది కాని పేజీ మాత్రం యంత్రం కనబడలేదంటుంది, పింఛను కోసమో రేషను కోసమో వచ్చిన పెద్దవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. ఇక్కడ ఫైళ్ల తనిఖీని ఆపడం వల్ల ప్రయోజనమేమీ ఉండదు. సురక్షిత వెబ్ సంభాషణల తనిఖీ అన్న ఒక్క సెట్టింగ్‌ను కొద్దిసేపు ఆపి చూసి, కారణం అదేనని తేలితే, ఆ స్థానిక చిరునామాకు మాత్రం మినహాయింపు ఇచ్చి మళ్లీ దాన్ని ప్రారంభించాలి.

ఆ తనిఖీ ఎలా జరుగుతుందంటే, యాంటీవైరస్ తన సొంత రూట్ సర్టిఫికెట్‌ను, అంటే తాను జారీ చేసేవాటిని నమ్మమని చెప్పే పత్రాన్ని, విండోస్‌లో చేర్చి, వెబ్‌సైట్‌కూ బ్రౌజర్‌కూ మధ్య తానే నిలబడి, వచ్చినదాన్ని విప్పి చూసి మళ్లీ మూటకట్టి పంపుతుంది. బ్యాంకు పేజీలో సర్టిఫికెట్ వివరాలు తెరిచినప్పుడు జారీ చేసినవారి పేరు చోట యాంటీవైరస్ కంపెనీ పేరు కనిపిస్తే, ఈ విభాగం పనిచేస్తున్నట్టే. డిజిటల్ సంతకం టోకెన్లు మొరాయించినప్పుడు కూడా నేను మొదట చూసేది దీన్నే.

పాత హార్డ్‌వేర్ తాళాలతో, అంటే డాంగిళ్లతో నడిచే ప్రోగ్రామ్‌లు విండోస్ 11లో పలకకపోతే అది యాంటీవైరస్ తప్పు కాకపోవచ్చు. విండోస్‌లోనే ఉన్న మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ తన నిబంధనలకు సరిపోని పాత డ్రైవర్లను ఎక్కనివ్వదు. కొత్త డ్రైవర్ ఉందేమో తయారీదారుని అడగడం సరైన మార్గం.

"నిన్నటిదాకా బాగానే నడిచింది గదా బాబూ" అని పెద్దవాళ్లు అన్నప్పుడు నేను ఆ మాటను ఎంతో విలువైన ఆధారంగా తీసుకుంటాను, ఎందుకంటే నిన్నటికీ నేటికీ మధ్య ఏదో మారింది. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిస్తే ఏ ఫైలును ఏ పేరుతో ఎన్ని గంటలకు ఆపిందో ఉంటుంది. విండోస్ తనలో జరిగినవన్నీ నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రోగ్రామ్ ఆగిపోయిన సమయం ఉంటుంది. రెండూ ఒకే నిమిషంలో ఉంటే దారి దొరికినట్టే. దొరక్కపోతే, ముందు ఇంటర్నెట్ తీగ తీసేసి, ఒక్కొక్క విభాగాన్నే ఆపుతూ చూడాలి. ఒకేసారి అన్నీ ఆపితే సమస్య పోతుంది గాని, ఏది ఆపితే పోయిందో తెలియదు.

తప్పు రక్షణ సాఫ్ట్‌వేర్‌దే అయిన సందర్భాలు లేకపోలేదు. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ నవీకరణ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని అత్యవసరమైన సిస్టమ్ ఫైలునే వైరస్‌గా భావించి తొలగించింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్టమైన నవీకరణ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అంతమాత్రాన యాంటీవైరస్ ఆపిన ప్రతిదీ అమాయకమైనదని అనుకోకూడదు. లైసెన్సు తాళం విరగ్గొట్టిన ప్రోగ్రామ్ దొంగ ప్రతిని ఎక్కించి, సూచనల్లో మొదటి వాక్యమే "యాంటీవైరస్ ఆపండి" అని ఉంటే, అది ఘర్షణ కాదు. కాపలాదారు తన పని తాను చేస్తున్నాడు. అటువంటి ఫైలుకు నేను మినహాయింపు ఇవ్వను.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది తెలుగు ప్రోగ్రామ్‌లకు జరిగే అన్యాయం. ఏ కీబోర్డు ప్రోగ్రామ్ అయినా మనం నొక్కిన మీటను మధ్యలో అందుకుని తెలుగు అక్షరంగా మార్చాలి. మీటలను దొంగిలించే హానికర ప్రోగ్రామ్ కూడా మధ్యలో అందుకునే పనే చేస్తుంది, కాబట్టి ప్రవర్తనను బట్టి తీర్పు చెప్పే విభాగానికి రెండూ ఒకేలా కనిపించవచ్చు. దీనికి తోడు, దించుకున్న ప్రోగ్రామ్‌లను తెరిచే ముందు హెచ్చరించే విండోస్ స్మార్ట్‌స్క్రీన్ వంటివి ఎంతమంది దించుకున్నారు, ఎవరు సంతకం చేశారు అన్న పరపతిని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. కోట్లమంది వాడే ప్రోగ్రామ్‌కు ఆ పరపతి సులభంగా వస్తుంది. జిల్లా కేంద్రాల్లోని డీటీపీ దుకాణాలు మాత్రమే వాడేదానికి రాదు.

అందుకే మినహాయింపుతో సరిపెట్టుకోకుండా, తప్పుగా పట్టుకున్నారని ఆ కంపెనీకి తెలియజేయమని కోరుతున్నాను. ముందుగా ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం ఉందేమో చూడాలి, తరువాత వైరస్‌టోటల్ అనే వెబ్‌సైట్‌లో అనేక యాంటీవైరస్‌ల అభిప్రాయం తీసుకోవాలి. అక్కడ పెట్టిన ఫైళ్లు ఇతరులకూ అందుతాయి కనుక ఖాతాదారుల వివరాలున్న ఫైళ్లను ఎంతమాత్రం పెట్టకూడదు. మైక్రోసాఫ్ట్‌తో సహా పేరున్న కంపెనీలన్నీ ఇలాంటి ఫిర్యాదులకు తమ వెబ్‌సైట్‌లో చోటు ఇచ్చాయి. ప్రోగ్రామ్ పేరు, వెర్షన్, ఎక్కడ నుంచి తెచ్చుకున్నారు, యాంటీవైరస్ దానికి ఏ పేరు పెట్టి ఆపింది అన్న వివరాలతో ఫైలును జతచేసి, అది ఏ పనికి వాడతారో రెండు వాక్యాల్లో రాస్తే చాలు. వారు సరిచేసినట్టు జవాబు వచ్చాక, యాంటీవైరస్‌ను నవీకరించి, మనం ఇచ్చిన మినహాయింపును తొలగించి, ప్రోగ్రామ్ ఎప్పటిలా తెరుచుకుంటోందో లేదో చూసుకోవాలి.