ఉలి మోతకి లేచే ఊరు

1985లో ఆళ్లగడ్డ నుంచి వెళ్లి మామల్లపురం (మహాబలిపురం) శిల్పకళాశాలలో చేరేనాటికి నాకు తమిళం ముక్క రాదు. మొదటి వారం నన్ను ఆదుకున్నవి రెండే మాటలు: ఉలి, సుత్తి. అవి వాళ్లకీ మనకీ ఒకటే. తమిళ మిత్రుల వ్యాసాల మధ్య నా తెలుగు వ్యాసానికి చోటిచ్చిన మన కళాశాల సంచిక కమిటీకి నమస్కారాలు.

అప్పటికది ఇంకా పల్లెలాగే ఉండేది. ఒకవైపు సముద్రం, వలలు, ఇసుకలో ఎండే చేపలు. ఇంకోవైపు రోడ్డు వెంట తాటాకు పందిళ్లు, ప్రతి పందిరి కిందా సగం చెక్కిన దేవుడు. తెల్లారగానే మోత మొదలయ్యేది. పక్క మీద నుంచే ఎవరు ఏ పనిలో ఉన్నారో చెప్పొచ్చని సీనియర్లు అంటే నమ్మలేదు. ఆర్నెల్లకి నాకూ పట్టుబడింది. పెచ్చులు లేపేటప్పుడు దెబ్బ బరువుగా, ఆగి ఆగి పడుతుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి చిన్నగా, వడివడిగా మారుతుంది.

రాయిని ఎంచుకోవడమూ చెవితోనే. తట్టితే కంచుగంటలా మోగేది ఆణ్ కల్, మగరాయి, దేవుడి విగ్రహానికి. కాస్త మెత్తగా పలికేది పెణ్ కల్, ఆడరాయి, అమ్మవారికి. అసలు పలకనిది విగ్రహానికి పనికిరాదు.

క్లాసులో తాళమానం, అంటే విగ్రహాల కొలతల లెక్క, చెప్పేవారు. నవతాళమంటే తొమ్మిది ముఖాల ఎత్తు, ఒక్కో ముఖం 12 అంగుళాలు, మొత్తం 108. ఇక్కడ అంగుళమంటే ఇంచి కాదు, ముఖంలో పన్నెండో భాగం. సాయంత్రాలు రథాల (ఒకే రాతిలో తొలిచిన గుళ్ల) దగ్గర కూర్చుని బొమ్మలు గీసేవాళ్లం. పల్లవులు పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారని భీమరథం అడుగున వదిలేసిన రాయే చూపిస్తుంది. ఏ పుస్తకమూ నాకు అంత స్పష్టంగా చెప్పలేదు.

రెండో ఏడు సెలవురోజుల్లో ఒక పందిట్లో పనికి కూర్చునేవాణ్ని. ఇరవై రోజులు చెక్కిన అమ్మవారి ముక్కు ఒక్క దెబ్బకి ఊడిపోయింది. ఏడుపొచ్చింది. అక్కడి పెద్దాయన తిట్టలేదు. చెంబెడు నీళ్లు తెచ్చి రాతి మీద పోసి, నా పక్కనే కూర్చున్నాడు. రాయంతా ఆరాక చెంప మీదుగా వెంట్రుకంత గీత ఒకటి తడిగానే మిగిలింది. అది పగులు. "రోజూ పొద్దున నీళ్లు పొయ్యి తంబీ" అన్నాడు. ఇప్పటికీ పోస్తున్నాను.

ఎస్.ఎం. గణపతి స్థపతి గారి చేతుల మీదుగానే హుస్సేన్‌సాగర్ బుద్ధుడు రూపం దిద్దుకున్నాడు. భువనగిరి దగ్గర రాయగిరి రాయి అది. 1990లో నీళ్లలో పడి, 1992లో పైకి లేచి నిలబడ్డాడు. ట్యాంక్‌బండ్ మీద వెళ్తే నాకు మామల్లపురమే గుర్తొస్తుంది.

2017లో ఆ ఊరి రాతిశిల్పానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. చాలా సంతోషించాను. కానీ మొన్న వెళ్తే ఊరంతా గ్రైండర్ల రొద, తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. పిల్లలు మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు. కళాశాల మొదటి రోజునే మాస్కు కట్టుకోవడం నేర్పాలని ఈ సంచిక ద్వారా అడుగుతున్నాను.

తిరిగి వస్తుంటే ఒక షెడ్డులో కుర్రాడు కనురెప్ప దగ్గరికొచ్చాడు. మిషన్ ఆపి ఉలి తీశాడు. బస్సు వెళ్లిపోయినా ఆ చప్పుడు వింటూ అక్కడే నిలబడ్డాను.