ఇరవై ఒక్క అక్షరాల ఖర్చు

బెంగళూరు హూడిలోని మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం ఉదయాలు పిల్లలకు తెలుగు నేర్పుతున్నాం. మొత్తం 32 మంది. అందులో నలుగురు మా భవనంలో పనిచేసేవారి పిల్లలు. వారి దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదని మొదటిరోజే నిర్ణయించుకున్నాం. ఉగాదికి అందరికీ ఒకే రంగు టీషర్టులు ఇవ్వాలనుకున్నప్పుడు మిగిలిన 28 మంది తల్లిదండ్రులు తలా 500 ఇచ్చారు. 14,000 పోగైంది. ఆ డబ్బుకు లెక్క నాది.

అంతకుముందు ఏడాది అక్షరాలు అచ్చు వేయించాం. చవకే, కానీ నాలుగు నెలల ఉతుకులకు పెచ్చులూడిపోయాయి. తెలుగు బడి చొక్కా మీద తెలుగే చెరిగిపోవడం నాకు చాలా బాధ కలిగించింది. ఈసారి ఎంత కష్టమైనా దారంతోనే కుట్టించాలని, పైగా ఎవరి చొక్కా మీద వారి పేరే ఉండాలని పట్టుబట్టాను.

మెట్రోలో మెజెస్టిక్ వెళ్లి, అక్కడ గ్రీన్ లైన్ మారి చిక్కపేటలో దిగాను. మొదట చొక్కాలు చూసుకున్నాను. పసుపు రంగు, కాలరు ఉన్నవి, 220 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 220 గ్రాములు తూగే) నూలు, ఒక్కొక్కటి 240. 34 తీసుకుంటే 8,160. రెండు ఎక్కువ ఎందుకంటే, మనం తెచ్చిన బట్ట మిషను మీద పాడైతే కుట్టేవారు దాని ఖరీదు ఇవ్వరు. ఈ మాట వారే ముందుగా చెప్పారు, అది మంచిదే.

అక్కడి నుంచి ఒక సందులోని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణానికి వెళ్లాను. అసలు లెక్క అక్కడ మొదలైంది. ‘ఆదివారం బడి’ అనే మాటకు కుట్టు ఫైలు తయారు చేయడానికి 600. దాన్ని డిజిటైజింగ్ అంటారు. అది ఒక్కసారే ఖర్చు. చొక్కాకు కుట్టుకూలి 45. పిల్లల పేర్లు వేరేచోట కుట్టాలంటే మరో 60. ఇక ఒక్కో పేరుకు ఫైలు చేయడానికి 150. ఈ చివరి అంకె దగ్గర నేను ఆగిపోయాను. 32 పేర్లకు 4,800! చొక్కాలతో కలిపి మొత్తం 16,920, పన్ను కాకుండానే.

“ఇంగ్లీషులో అయితే పేరుకు ఫైలు డబ్బు తీసుకోను అమ్మా, ఆ అక్షరాలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయి” అన్నారు దుకాణం పెద్దాయన. ఆ మాట నిజమేనని కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు చూపించాడు. తెలుగులో టైపు చేస్తే గుడి ఒకచోట, అక్షరం ఒకచోట పడుతున్నాయి. ‘శ్రీ’ అయితే ముక్కలు ముక్కలుగా విడిపోయింది. కాబట్టి ప్రతి పేరునూ బొమ్మలాగా తీసుకుని, దాని మీద కుట్టు ఏ దిక్కున వెళ్లాలో చేత్తో గీయాలి.

పేర్లకు కూలి ఎందుకు ఎక్కువని కూడా అడిగాను. వారి దగ్గర ఆరు తలల మిషను ఉంది. ఆరు తలలూ ఒకేసారి ఒకే బొమ్మను కుడతాయి. ఒక్కో చొక్కా మీద ఒక్కో పేరంటే ఆ మిషను పనికిరాదు, ఒంటి తల మిషను మీద ఒక్కొక్కటే పెట్టాలి. పైగా పేరు వేరేచోట ఉంటే చొక్కాను రెండుసార్లు ఫ్రేములో బిగించాలి. డబ్బు బట్టకు కాదు, ఈ సమయానికి.

ఇంటికి వచ్చి రాత్రంతా నోటు పుస్తకంలో కొట్టివేతలు చేశాను. పేర్లు తీసేయడానికి మనసు ఒప్పలేదు. మా తరగతిలో ప్రతి పిల్లా మొదట నేర్చుకునేది తన పేరులోని తొలి అక్షరం. పేరు బదులు ఆ ఒక్క అక్షరాన్నే నాలుగు సెంటీమీటర్ల ఎత్తున కుట్టించి, దాని కిందే ‘ఆదివారం బడి’ అని పెడితే? ఒకే ఫ్రేము. ఒకే తొలి అక్షరం ఉన్న పిల్లలకు ఒకే ఫైలు.

వర్ణమాల వరకే లెక్కేసి 17 అక్షరాలు చాలనుకున్నాను. తరగతిలో చెబితే సాహితి లేచి, “టీచర్, నా పేరు ‘సా’తో మొదలవుతుంది, ‘స’తో కాదు” అంది. వెంటనే మిగిలినవారూ అందుకున్నారు. వారిది న్యాయం. గుణింతాలతో కలిపి 21 అయ్యాయి. అక్షరానికి 100 చొప్పున 2,100, కింది మాటకు 600, కుట్టుకూలి 32 చొక్కాలకు 60 చొప్పున 1,920. మొత్తం 4,620, దాని మీద ఐదు శాతం పన్ను 231. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో నాకే ఇవ్వాలని ముందే ఒప్పించుకున్నాను. వచ్చే ఏడాది ఇదే అక్షరానికి మళ్లీ 100 కట్టే అవసరం ఉండకూడదు.

మొదటి నమూనాకు 150 ఇచ్చాను. అది చూసి కుంగిపోయాను. ‘ఆదివారం బడి’ అర సెంటీమీటరు ఎత్తున ఉంది. సున్నా పూడుకుపోయి ముడిలా మారింది, ‘డి’ మీది గుడిలో ఖాళీ లేదు. అంతకన్నా పెద్ద విషయం, తలకట్లు కన్నడవి. కుర్రవాడు అక్షరాలు చదవగలిగాడు కాబట్టి తన దగ్గరున్న కన్నడ ఫాంటుతో చేసేశాడు. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు, అతని తప్పు అనలేను. కానీ మా పిల్లలు నేర్చుకుంటున్నది తెలుగు తలకట్టు.

ఆ రాత్రే ‘మండలి’ ఫాంటులో అన్నీ రాసి, అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ పంపాను. అందులో గీతల మందం దాదాపు ఒకేలా ఉంటుంది. కింది మాట ఎత్తు 12 మిల్లీమీటర్లు చేయించి, ఏ గీతా ఒక మిల్లీమీటరు కన్నా సన్నగా ఉండకూడదని చెప్పాను. రెండో నమూనాకు మరో 150. దాన్ని ఇంట్లో మూడుసార్లు ఉతికాను. ఎర్ర దారం పాలియెస్టర్ కావడంతో రంగు దిగలేదు. కానీ అక్షరం చుట్టూ బట్ట ముడుచుకుంది. లోపల పెట్టే బ్యాకింగ్ కాగితం పలచనిది కావడమే కారణం. సాగే బట్టకు చింపేసే రకం కాకుండా కత్తిరించే రకం వాడాలట. అది మార్చారు, అదనంగా అడగలేదు. నమూనా ఉతకకుండా మొత్తం పని అప్పగించి ఉంటే 32 చొక్కాలూ అలాగే ముడుచుకునేవి.

పని నాలుగు రోజుల్లో అయింది. ఒక్కో చొక్కాకు సుమారు 7,500 కుట్లు. సూది దిగి ఒకదానికి చిల్లు పడింది, అదనపు చొక్కా అక్కడ ఆదుకుంది. అన్నీ కలిపి 13,311. చేతిలో 689 మిగిలింది.

ఉగాది రోజు శ్రీనిధి తన ‘శ్రీ’ మీద వేలు పెట్టి, క్రావడి ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో తమ్ముడికి చూపిస్తోంది. దారం ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, కళ్లు మూసుకుని తడిమినా అక్షరం తెలుస్తుంది. అచ్చులో అది లేదు.

జూన్‌లో ఒక కొత్త పాప చేరింది. పేరు ఝాన్సీ. పెన్‌డ్రైవ్‌లో ‘ఝా’ లేదు. మిగిలిన ఒక్క చొక్కా తీసి చూస్తే 30 సైజు, ఆమెకు సరిగ్గా సరిపోయింది. ఫైలుకు 100, ఒంటి చొక్కా కాబట్టి కూలి 150 అన్నారు. ఆ 689లోంచి ఇచ్చాను. వచ్చే శనివారం వెళ్లి తెచ్చుకోవాలి.