బెంగళూరులో ఫ్లాట్ అమ్ముతున్నారా? కొనేవాళ్లంతా ఒకే వారంలో రావాలి

బెంగళూరులో రీసేల్ ఫ్లాట్ అమ్మకాలు చాలావరకు ఒకేలా నడుస్తాయి. అనుకున్నదానికంటే పది లక్షలు ఎక్కువ రేటు వేసి, పక్కన 'నెగోషియబుల్' అని రాసి, నాలుగు సైట్లలో పెడతారు. వారానికి ఒకరు చూసి వెళ్తారు. వచ్చినవాళ్లు హాల్లో అడుగు పెడుతూనే అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్నాళ్ల నుంచి అమ్మకానికి ఉందండీ?" మూడు నెలలైందని తెలిసిందంటే బేరం వాళ్ల చేతిలోకి వెళ్లిపోయినట్టే. తొందరపడాల్సిన పని లేదని వాళ్లకి అర్థమైపోతుంది.

అదే ఫ్లాట్‌ని అదే రేటుకి నాలుగు రోజుల్లో పన్నెండు కుటుంబాలు చూస్తే సంగతి వేరు. లిఫ్ట్ దగ్గర ఒకళ్లు దిగుతుంటే ఇంకొకళ్లు ఎక్కుతారు. మీరు నోరు విప్పక్కర్లేదు, పోటీ వాళ్లకే కనిపిస్తుంది. మంచి రేటు రావాలంటే అందరినీ ఒకే సమయానికి మీ గుమ్మం ముందుకి రప్పించాలి. అందుకు కావాల్సిన పనిలో ముప్పాతిక వంతు ప్రకటన పెట్టకముందే పూర్తి కావాలి.

అన్నిటికంటే ముందు కాగితాలు. ఆఫర్ ఇద్దామనుకున్న మనిషిని వెనక్కి లాగేది సాధారణంగా రేటు కాదు, 'ఆ పేపర్ వచ్చే వారం పంపిస్తాను' అన్న మాట. సేల్ డీడ్, మదర్ డీడ్ (ఆస్తి మీ కంటే ముందు ఎవరి నుంచి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపించే ధ్రువపత్రం), ఈ-ఖాతా (నగర పాలక సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చే ఆస్తి రికార్డు), ఈ ఏడాది వరకు కట్టిన ప్రాపర్టీ ట్యాక్స్ రశీదులు, ఓసీ (భవనంలో నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం), ఆమోదం పొందిన ప్లాన్, డీసీ కన్వర్షన్ ఆర్డర్ (వ్యవసాయ భూమిని ఇతర వాడకానికి మార్చిన ఉత్తర్వు), అసోసియేషన్ ఇచ్చే నో డ్యూస్ (బకాయిలు లేవన్న పత్రం), బెస్కాం కరెంటు బిల్లు. ఇవన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ప్రతి పేజీ మీద 'అమ్మకం పరిశీలన కోసం మాత్రమే' అని అడ్డంగా వాటర్‌మార్క్ వేయండి. అడ్వాన్సు ఇచ్చినవాళ్లకైనా సరే, రిజిస్ట్రేషన్ దాకా ఒరిజినల్స్ ఇవ్వకండి.

మన తెలుగువాళ్లకి ఈ-ఖాతా దగ్గర ప్రత్యేకంగా ఒక చిక్కు వస్తుంది. బెంగళూరులో 2024 అక్టోబరు నుంచి ఈ-ఖాతా లేకుండా రిజిస్ట్రేషన్ జరగడం లేదు. దానికి ఆధార్‌లో పేరు, డీడ్‌లో పేరు కలవాలి. పదిహేనేళ్ల కిందటి డీడ్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, పేరుకి వెనక ఉంటుంది. భార్య పేరైతే ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరుతో కనిపిస్తుంది. ఇది సరిచేయించుకోవడానికి వారాలు పట్టొచ్చు. కొనేవాళ్లు దొరికాక మొదలుపెడితే ఆ వారాల్లోనే వాళ్లు పక్క అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఫ్లాట్ చూసేసుకుంటారు. పైగా ఒకసారి ఆగిన కొనుగోలుదారుడికి 'ఏదో లిటిగేషన్ ఉందేమో' అన్న అనుమానం మొదలవుతుంది, అది ఇక పోదు.

కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ అయిన కావేరి పోర్టల్‌లో ఈసీ తీసి మీరే లైన్ లైన్ చదవండి. ఎప్పుడో తీరిపోయిన లోను ఇంకా అందులో కనిపిస్తుంటే, దాన్ని విడుదల చేసినట్టు నమోదు కాలేదన్నమాట. బ్యాంకుకి వెళ్లి ఆ పని ఇప్పుడే చేయించుకోండి. లోను ఇంకా నడుస్తుంటే ఫోర్‌క్లోజర్ లెటర్ (లోను మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే లేఖ), బ్యాంకు దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా తెచ్చుకోండి. కొనేవాళ్ల బ్యాంకు మొదట అడిగేవి ఆ రెండే. ఫ్లోటింగ్ రేటు గృహరుణాన్ని వ్యక్తులు ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉండదు. తీర్చిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు చెల్లించాలని 2023 డిసెంబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఈ మాట మీకు తెలుసని బ్యాంకువాళ్లకి తెలియనివ్వండి.

బీ-ఖాతా (పూర్తి అనుమతులు లేని ఆస్తులకి ఇచ్చే ఖాతా) అయినా, ఓసీ లేకపోయినా ప్రకటనలోనే రాసేయండి. చాలా బ్యాంకులు అలాంటివాటికి లోను ఇవ్వవు కాబట్టి వచ్చేవాళ్లు తగ్గుతారు, రేటూ దానికి తగ్గట్టే ఉండాలి. దాచిపెట్టి పిలిస్తే వచ్చిన పదిమందిలో ఎనిమిదిమంది లాయరు దగ్గర ఆగిపోతారు.

ఇక రేటు. సైట్లలో కనిపించేవి అడిగే రేట్లు, అమ్ముడైన రేట్లు వేరే. మీ అపార్ట్‌మెంట్‌లో గత ఆరు నెలల్లో ఎవరు అమ్మారో అసోసియేషన్ సెక్రటరీకి తెలుస్తుంది. ఆ ఫ్లాట్ నంబర్లతో ఈసీ తీస్తే రిజిస్టరైన విలువ కనిపిస్తుంది. బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వాల్యుయర్‌కి (ఇంటి విలువ కట్టే నిపుణుడికి) ఫీజు ఇచ్చి ఒక రిపోర్టు కూడా రాయించుకోండి. దాని అవసరం ఏమిటో కాసేపట్లో చెబుతాను. ఉదాహరణకి 1,600 చదరపు అడుగుల త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్లు 1.38 నుంచి 1.42 కోట్ల మధ్య పోతున్నాయనుకుందాం. 1.55 అని పెడితే వచ్చేవాళ్లు ముగ్గురు. 1.39 అని పెడితే 1.4 కోట్ల బడ్జెట్ వేసుకుని వెతుకుతున్న ప్రతి ఒక్కరికీ మీ ఫ్లాట్ కనిపిస్తుంది. తక్కువకి పోతుందేమోనన్న భయం సహజమే. కానీ వచ్చిన ఆఫర్‌ని ఒప్పుకోవాలన్న నిర్బంధం మీకేమీ లేదు. జనం రాని ఇంటికి మాత్రం ఆఫరే ఉండదు. 'నెగోషియబుల్' అన్న మాట తీసేయండి, అది 'తగ్గించి అడగండి' అని పిలిచినట్టు ఉంటుంది.

రోజులు చూసుకుని మొదలుపెట్టాలి. ఆషాఢం, మహాలయ పక్షం, పుష్యమాసం, మూఢం రోజుల్లో మనవాళ్లూ కన్నడిగులూ ఇల్లు చూస్తారు గానీ అడ్వాన్సు ఇవ్వరు. సంక్రాంతి, దసరా వారాల్లో మారతహళ్లిలో ఊరి బస్సు కోసం నిలబడే జనమే తప్ప ఇళ్లు చూసే జనం ఉండరు. ఉగాది తర్వాత నుంచి జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు కాలం మంచిది. ఐటీ కంపెనీల్లో బోనస్‌లు పడేది కూడా చాలావరకు అప్పుడే. బుధవారమో గురువారమో అన్ని సైట్లలో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒకేరోజు పెట్టండి. బ్రోకర్లకీ అదే రోజు చెప్పండి. ఒకరికి వారం ముందు చెబితే అతను తన ఒక్క పార్టీని తెచ్చి 'ఇవాళే టోకెన్ తీసుకోండి సార్' అని కూర్చుంటాడు.

ఫొటోలు పన్నెండు చాలు. ఉదయం తొమ్మిది ప్రాంతంలో, కర్టెన్లన్నీ తీసి, నడుము ఎత్తు నుంచి తీయండి. మొదటిది హాలు ఫొటో. బిల్డింగ్ ముందు భాగం అందరూ పెట్టేదే. సూపర్ బిల్టప్‌తో (ఉమ్మడి స్థలాల వాటా కలిపిన విస్తీర్ణం) పాటు కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం), యూడీఎస్ (భూమిలో మీ వాటా), పార్కింగ్ నంబరు, నెల మెయింటెనెన్స్ రాయండి. సింహద్వారం ఏ దిక్కో, వంటగది ఏ మూలో కూడా రాయాలి. బాల్కనీ తూర్పుకి ఉంటే 'ఈస్ట్ ఫేసింగ్' అని పెట్టేస్తారు కొందరు. వాస్తు చూసేవాళ్లు వచ్చి గుమ్మంలోంచే వెనక్కి వెళ్తారు, ఒక స్లాట్ వృథా అవుతుంది. ఫోన్‌లో దిక్సూచి చూసేటప్పుడు ఇనుప గ్రిల్‌కి నాలుగైదు అడుగుల దూరంలో నిలబడండి, లేకపోతే దిక్కు తప్పు చూపిస్తుంది.

ఇంటికి పెద్ద రిపేర్లు అక్కర్లేదు. కొత్త మాడ్యులర్ కిచెన్‌కి పెట్టిన ఐదు లక్షలు రేటులో తిరిగి రావు. తడి మరకలు మాత్రం ఉండకూడదు. బాత్రూమ్ గోడకి అవతలి వైపు పెయింట్ ఉబ్బి ఉంటే దాని మీదే రంగు వేయకండి, రెండు వారాల్లో మళ్లీ పైకి తేలుతుంది. టైల్స్ సందుల్లో గ్రౌట్ తీసి కొత్తది నింపండి, పైఫ్లాట్ నుంచి కారుతుంటే వాళ్లతో మాట్లాడి ఆపించండి, గోడ పూర్తిగా ఆరాక రంగు వేయండి. వాడని బాత్రూమ్ ఉంటే ముందురోజే నేల జాలీలో ఒక బకెట్ నీళ్లు పోయండి. జాలీ కింద వాసన ఆపే ట్రాప్‌లో (వంపు గొట్టంలో) నీళ్లు ఆరిపోయి డ్రైనేజీ వాసన పైకి వస్తుంటుంది. ఇంట్లో ఉండేవాళ్లకి అది అలవాటైపోయి తెలియదు, బయటనుంచి వచ్చినవాళ్లకి తలుపు తీయగానే తగులుతుంది.

నీటి సంగతి 2024 వేసవిలో వచ్చిన నీటి కరువు తర్వాత ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. కావేరి నీటి కనెక్షన్ ఉందా, బోర్లు ఎన్ని పనిచేస్తున్నాయి, ఏప్రిల్‌లో ట్యాంకర్లు ఎన్ని వచ్చాయి? పన్నెండు నెలల నీటి ఖర్చు అసోసియేషన్ దగ్గర తీసుకుని ఒక కాగితం మీద ప్రింట్ వేసి టేబుల్ మీద పెట్టండి. ఆ ఒక్క కాగితం ఇచ్చే నమ్మకం ఎన్ని మాటలు చెప్పినా రాదు.

చూపించడం శని, ఆదివారాల్లోనే. ఒక్కో కుటుంబానికి ఇరవై నిమిషాలు, పావుగంటకొక స్లాట్. అంటే ఐదు నిమిషాలు ఒకళ్లకొకళ్లు ఎదురుపడతారు. 'గురువారం సాయంత్రం ఒక్కసారి చూపించండి' అని అడిగేవాళ్లకి మర్యాదగా శనివారం స్లాట్ ఇవ్వండి. నిజంగా కొనేవాళ్లు వస్తారు. చూసి వెళ్లిన ప్రతివాళ్లకీ ఆ సాయంత్రమే ఒకే మెసేజ్ పంపండి:

"ఇల్లు చూసినందుకు ధన్యవాదాలండీ. ఇంకొందరు కూడా చూస్తున్నారు కాబట్టి అందరికీ ఒకే గడువు పెట్టాం. ఆసక్తి ఉంటే సోమవారం రాత్రి 8లోపు ఇవి రాసి పంపండి: మీ రేటు, లోను ఎంత, ఏ బ్యాంకు, లోను మంజూరైన శాంక్షన్ లెటర్ ఉందా, అగ్రిమెంట్‌కి ఎంత ఇస్తారు, రిజిస్ట్రేషన్ ఏ తేదీలోపు. డాక్యుమెంట్ల ఫోల్డర్ లింక్ కింద ఇస్తున్నాం, మీ లాయరుకి చూపించుకోండి."

ఇక్కడే చాలామంది తడబడతారు. శనివారం రాత్రే ఒకాయన ఫోన్ చేసి, 'లక్ష ఇప్పుడే గూగుల్ పే చేస్తాను, ఇక ఎవరికీ చూపించకండి' అంటాడు. ఆ లక్ష తీసుకుంటే పోటీ అక్కడితో ఆగిపోతుంది. తీసుకుని కూడా ఇంకొకరికి చూపిస్తే అది మోసం, గొడవ పోలీస్ స్టేషన్ దాకా వెళ్లొచ్చు. "సోమవారం దాకా ఎవరి దగ్గరా టోకెన్ తీసుకోవడం లేదండీ, మీ రేటు రాసి పంపండి, తప్పకుండా చూస్తాం" అంటే చాలు.

లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పకండి. తెలుగువాళ్ల గ్రూపుల్లో వచ్చినవాళ్లలో ఇద్దరు ఒకే ఆఫీసువాళ్లై ఉంటారు, సాయంత్రానికల్లా విషయం బయటపడుతుంది. 'రాతపూర్వకంగా మూడు ఆఫర్లు వచ్చాయి' అంటే నిజంగా మూడు ఉండాలి. ఒకరి అంకె ఇంకొకరికి చెప్పొద్దు. మొదటి ముగ్గురికీ మంగళవారం ఒక్కసారి ఫోన్ చేసి, ఆఖరి మాట రేపటిలోపు పంపమని అడగండి. రెండోసారి అడిగితే మంచి పార్టీలు విసుగొచ్చి వెళ్లిపోతాయి.

ఇప్పుడు వాల్యుయేషన్ సంగతి. పోటీలో రేటు పెరిగాక బేరం చెడిపోయేది ఎక్కువగా దీని దగ్గరే. 75 లక్షలు దాటిన గృహరుణాలకి బ్యాంకు ఇవ్వగలిగేది ఇంటి విలువలో 75 శాతం. 1.42 కోట్లకి ఒప్పుకున్న ఇంటికి అది 1.065 కోట్లు, మిగతా 35.5 లక్షలు కొనేవాళ్లు తెచ్చుకోవాలి. దీనికి స్టాంపు డ్యూటీ, సెస్సు, సర్‌చార్జి కలిపి 5.6 శాతం, 2025 ఆగస్టు 31 నుంచి రెట్టింపైన రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, అంటే ఇంకో 10.8 లక్షలు. మొత్తం 46 లక్షల పైన చేతిలో ఉండాలి. ఇప్పుడు బ్యాంకు వాల్యుయర్ 1.35 కోట్లే అని రాశాడనుకోండి, లోను 1.0125 కోట్లకి దిగుతుంది. ఇంకో 5.25 లక్షలు అప్పటికప్పుడు ఎక్కడినుంచి తెస్తారు? మీ దగ్గరికే వచ్చి రేటు తగ్గించమంటారు, లేదా టోకెన్ వెనక్కి ఇవ్వమంటారు. అందుకే మీ వాల్యుయేషన్ రిపోర్టు ముందే చేతిలో ఉండాలి. దానికి మించి రేటు వేసినవాళ్లని, 'బ్యాంకు విలువ తక్కువ కడితే తేడా సర్దుకోగలరా?' అని సూటిగా అడగండి. మీ అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికే లోన్లు ఇచ్చిన బ్యాంకుకి వెళ్లేవాళ్లైతే లీగల్ రిపోర్టు త్వరగా వస్తుంది.

పెద్ద అంకె ఎప్పుడూ మంచి ఆఫర్ కాదు. ఒకరు 1.44 అంటారు, కానీ కె.ఆర్.పురంలో వాళ్ల పాత ఫ్లాట్ అమ్ముడయ్యాక నాలుగున్నర నెలల్లో రిజిస్ట్రేషన్. ఇంకొకరు 1.42, శాంక్షన్ లెటర్ చేతిలో ఉంది, 45 రోజులు. మీకు 60 లక్షల లోను 8.5 శాతం మీద మిగిలి ఉంటే వడ్డీయే నెలకి 42,500, మెయింటెనెన్స్ ఆరు వేలు వేసుకుంటే మూడు నెలల ఆలస్యానికి 1,45,500. రెండు లక్షల తేడాలో మిగిలేది 54,500. వాళ్ల ఫ్లాట్ అమ్ముడుపోకపోతే అదీ లేదు. నేనైతే 1.42కే ఓటు వేస్తాను.

'పది లక్షలు ఎక్కువిస్తాం, అది మాత్రం క్యాష్' అనే ఆఫర్‌ని పక్కన పెట్టేయండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నంత మొత్తం పెనాల్టీగా పడేది అమ్మినవాళ్ల మీదే. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి అమ్ముతున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఇక్కడ ఉండేవాళ్లు 50 లక్షలూ ఆపైన అమ్మితే టీడీఎస్ (కొనేవాళ్లు ముందే కోసి కట్టే పన్ను) 1 శాతమే, ఎన్ఆర్ఐ అమ్మితే కొనేవాళ్లు కోసి కట్టాల్సింది చాలా ఎక్కువ. ఆ తతంగం చూసి మంచి పార్టీలు కూడా జారుకుంటాయి. తక్కువ కోతకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్ గురించి సీఏతో ప్రకటనకి ముందే మాట్లాడండి.

రెండు వారాంతాలు గడిచినా ఒక్క ఆఫరూ రాకపోతే ఫొటోలు మార్చి లాభం లేదు, రేటే ఎక్కువైంది. నెలకి లక్ష చొప్పున దించుకుంటూ పోకుండా ఒకేసారి కిందికి దించి, మళ్లీ ఒక గురువారం కొత్తగా పెట్టండి.

ఎంచుకున్నవాళ్లతో ఆ వారంలోనే అగ్రిమెంట్ రాసుకోండి, పది శాతం బ్యాంకు ద్వారా తీసుకోండి. లోను రాకపోతే ఎంత తిరిగి ఇస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో, వాల్యుయేషన్ తగ్గితే తేడా ఎవరిదో, ఏసీలు, గీజర్లు, వార్డ్‌రోబ్‌లలో ఏవి వదిలివెళ్తున్నారో అందులో ఉండాలి. రెండో స్థానంలో ఉన్నవాళ్లకి మీరే ఫోన్ చేసి, ఫలానా తేదీ దాకా అగ్రిమెంట్ ఉందని ఉన్నదున్నట్టు చెప్పండి. మొదటివాళ్ల లోను ఆగితే ఇరవై రోజుల తర్వాత మీరు చేయాల్సిన మొదటి ఫోన్ వాళ్లకే. అందుకని వాళ్ల నంబరు, వాళ్లు రాసి పంపిన ఆఫర్ మెసేజ్ రిజిస్ట్రేషన్ అయ్యేదాకా భద్రంగా ఉంచుకోండి.