అమ్మమ్మ రూపాయలకు పట్టిన పచ్చ జిగురు

అమ్మమ్మ పోయాక నా వంతుగా నగలేవీ వద్దని, ఆమె పొడుం డబ్బాలోని నాణేలు అడిగి తెచ్చుకున్నాను. మొత్తం నలభై మూడు. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు పెట్టే విక్టోరియా, అయిదో జార్జి వెండి రూపాయలు పదకొండు. 1940ల నాటి ఆరో జార్జి రూపాయలు ఆరు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం హాలీ రూపాయి ఒకటి. మిగిలినవి చిల్లు కాణీలు, నయా పైసలు, నలుచదరపు అల్యూమినియం పైసలు. ఏళ్ల తరబడి ఆ రేకు డబ్బాలో, పాత నూలు గుడ్డలో చుట్టి ఉన్నందుకు వాటికి జరిగిందల్లా కాస్త నల్లబడటమే.

వాటిని అందంగా దాచాలని నేను చేసిన పనే వాటికి చేటు తెచ్చింది. మెత్తటి ప్లాస్టిక్ అరలున్న ఆల్బమ్ ఒకటి కొని, సంవత్సరాల వరుసలో సర్ది, బీరువాలో పెట్టాను. మాది కాకినాడ. సముద్రపు తేమ, ఎండాకాలపు ఉక్క ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. నాలుగేళ్ల తర్వాత తీసి చూస్తే అరలు జిడ్డుగా తగిలాయి. 1943 నాటి చిల్లు కాణీ చుట్టూ ఆకుపచ్చటి జిగురు. ఆరో జార్జి రూపాయల మీదా అదే. విక్టోరియా రూపాయలకు మాత్రం అంచుల్లో కొద్దిగా పట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హైదరాబాద్‌లో ఒక నాణేల ప్రదర్శనకు ఆ ఆల్బమ్ పట్టుకుని వెళ్లాను. అక్కడున్న పెద్దాయన, ముప్పై ఏళ్లుగా నాణేల వ్యాపారంలో ఉన్నవారు, నాణేన్ని చూడకుండా ముందు ఆల్బమ్ వాసన చూశారు. "అమ్మా, కొత్త రెయిన్‌కోటు వాసన రావడం లేదూ? ఇది పీవీసీ అనే ప్లాస్టిక్" అన్నారు. పీవీసీ సహజంగా గట్టిది. దాన్ని మెత్తబరచడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. వేడికి, తేమకు ఆ నూనె బయటికి ఊరుతుంది. ప్లాస్టిక్ కూడా మెల్లగా విరిగి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. అది రాగిని తింటుంది. విక్టోరియా రూపాయిలో వెండి దాదాపు 92 శాతం. 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయిలో సగమే వెండి, 40 శాతం రాగి. పచ్చదనం ఎక్కడ ఎక్కువగా పట్టిందో, ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఆయన చెప్పిన పరీక్ష ఇంటికి రాగానే చేశాను. రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, వేడి మీదే ప్లాస్టిక్‌కు తాకించి, మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టు, అంటే పీవీసీ కావచ్చు. నా ఆల్బమ్ ముక్కతో మంట చిలకపచ్చగా వెలిగింది. ఆ పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయాలి.

జిగురు వదిలించడానికి మందుల రసాయనాలు అమ్మే దుకాణంలో శుద్ధమైన అసిటోన్ తెచ్చాను. గోళ్ల రంగు తుడిచేది పనికిరాదు, అందులో రంగులు, సువాసనలు కలుస్తాయి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దీపం, పొయ్యి ఏదీ దగ్గర లేని వరండాలో కూర్చున్నాను. గాజు గిన్నెలో ఒక్కో నాణెం నానబెట్టి, తీసి, తాజా అసిటోన్‌లో మరోసారి ముంచి, రుద్దకుండా గుడ్డ మీద ఆరనిచ్చాను. పైన పట్టిన జిగురు పోయింది. ఆమ్లం లోహాన్ని తినేసిన చోట గుంటలు అలాగే ఉండిపోయాయి. చిల్లు కాణీ మీది కిరీటం సగం పోయింది. దానికి మందు లేదు.

ఇక నాణేలకు కొత్త ఇల్లు. వెండి రూపాయలన్నిటికీ యాక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన గుండ్రటి డబ్బీలు, క్యాప్సూల్స్ అంటారు, అవి తీసుకున్నాను. ఖరీదెక్కువే, కానీ గాలి అంతగా తగలదు, వేలి చెమట అంటదు. కొలతే అసలు సంగతి. వదులైతే నాణెం లోపల కదిలి అరుగుతుంది, బిగుతైతే తీసేటప్పుడు అంచు గీరుకుంటుంది. అందుకే వెర్నియర్ కొలబద్దతో ఒక్కోటీ కొలిచాకే కొన్నాను.

మిగతావాటికి మైలార్ అనే పారదర్శక పొర కిటికీగా ఉన్న అట్ట హోల్డర్లు చాలు. జిగురుతో అంటుకునే రకం వద్దనుకున్నాను, మా ఊరి ఉక్కకు ఆ జిగురు కారుతుందన్న భయంతో. స్టేప్లర్ పిన్నుల రకమే తెచ్చి, నాణెం పెట్టకముందే అట్ట మీద వివరం రాసి, నాలుగు పక్కలా నాణేనికి దూరంగా పిన్నులు కొట్టి, వాటి మొనలను కటింగ్ ప్లయర్‌తో అణచాను. లేకపోతే పక్క హోల్డర్‌లోని నాణేన్ని అవి గీస్తాయి. నాణెం బయటికి తీయాలంటే పిన్నులన్నీ పీకాకే తీయాలి. నలుచదరపు పైసకు మూల నుంచి మూలకు కొలవాలని మాత్రం ఒక హోల్డర్ పాడయ్యాకే తెలిసింది.

హోల్డర్లను నిలువుగా ఒక డబ్బాలో అమర్చాను. అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, మూత బిగించి, బయటి గోడకు ఆనని లోపలి గదిలోని అరలో పెట్టాను. రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక కాగితం దగ్గరికి రానివ్వడం లేదు. వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. మూడు వర్షాకాలాలు గడిచాయి. ప్రతి ఆరు నెలలకూ తీసి, అంచులు మాత్రమే పట్టుకుని వెలుగులో చూస్తున్నాను. కొత్త పచ్చదనం లేదు.

రెండు విక్టోరియా రూపాయలు మాత్రం ఈ లెక్కలోకి రావు. వాటి మీద అమ్మమ్మ పెట్టిన కుంకుమ రాణి జడ గీతల్లో ఇంకా ఉంది. ఏటా చింతపండుతో తోమిన అరుగుదల కూడా ఉంది. వాటిని అసిటోన్‌లో ముంచలేదు, క్యాప్సూల్‌లో పెట్టలేదు. అదే నూలు గుడ్డలో చుట్టి, అదే పొడుం డబ్బాలో, పూజగదిలో ఉంచాను. శ్రావణ శుక్రవారం కలశం ముందుకు అవే వస్తాయి.