పత్తి డబ్బుతో కట్టిన లైబ్రరీలో ఒక రోజు

ముంబయి వెళ్ళినవాళ్ళు ఓవల్ మైదానం అంచున నిలబడి, వెనక రాజాబాయి గడియారం టవర్ వచ్చేలా ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ గడియారాన్ని ఆనుకుని ఉన్న భవనం ముంబయి విశ్వవిద్యాలయం లైబ్రరీ అని చాలామందికి తెలియదు. నాకు టవర్ కన్నా ఆ లైబ్రరీ మీదే మనసు. లోపల కూర్చుని ఒక పుస్తకం చదివి రావాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. కాస్త దూరం వెళ్తే బాసర, గోదావరి, తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మిర్చి మార్కెట్‌లో రెండూ. 1956 దాకా మా ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. మా పెద్దవాళ్ళకు యూనివర్సిటీ అంటే ఉస్మానియానే. 1958లో ఔరంగాబాద్‌లో మరాఠ్వాడా విశ్వవిద్యాలయం వచ్చింది. 1994లో స్వామి రామానంద తీర్థ పేరుతో నాందేడ్‌లోనే ఇంకొకటి పెట్టారు. ముంబయి యూనివర్సిటీ మా చదువుల దారిలో ఎప్పుడూ లేదు. అయినా వెళ్ళాలనుకోవడానికి నాకు రెండు కారణాలున్నాయి.

ఒకటి పత్తి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయింది. బొంబాయి పత్తికి ఎక్కడలేని ధర వచ్చింది. ఆ రోజుల్లో విపరీతంగా సంపాదించినవాళ్ళలో ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఒకరు. లైబ్రరీకి రెండు లక్షలు, టవర్‌కు ఇంకో రెండు లక్షలు ఇచ్చి, టవర్‌కు తన తల్లి రాజాబాయి పేరు పెట్టమన్నాడు. 1865లో యుద్ధం ఆగింది, పత్తి ధర పడింది, బొంబాయి షేర్ బజార్ కుప్పకూలింది, ఆయన ఆస్తీ కరిగిపోయింది. కట్టడం మాత్రం 1869లో మొదలై 1878లో పూర్తయింది. పత్తి ధర పెరిగిన ఏడు ఇల్లు ఎలా ఉంటుందో, పడిపోయిన ఏడు ఎలా ఉంటుందో మా వైపు పిల్లలకు కూడా తెలుసు. ఆ డబ్బులో కొంత పుస్తకాలకు వెళ్ళి నిలిచిందన్న విషయం నన్ను వదల్లేదు.

రెండోది కామాఠీలు. ఎప్పుడో నిజాం ఇలాకా నుంచి బొంబాయి వెళ్ళి రాళ్ళు మోసి, గోడలు కట్టిన మన తెలుగువాళ్ళు. ముంబయిలో కామాఠీపుర అనే పేటకు ఆ పేరు వాళ్ళ వల్ల వచ్చిందే. వాళ్ళ గురించి ఎస్.ఎం.ఎడ్వర్డ్స్ 1909-10లో తెచ్చిన బొంబాయి నగర గెజిటీర్‌లో, అంటే ఊరి వివరాలన్నీ రాసిన సర్కారు పుస్తకంలో ఉంది. మూడు సంపుటాలు. ఫోన్ తెరమీద కాకుండా అచ్చు పుస్తకంలోనే చదవాలనుకున్నాను.

నేను మా పేటలో ఒక చిన్న వాచనాలయం, అంటే లైబ్రరీ పనులు చూసుకుంటాను. 1967 నాటి మహారాష్ట్ర గ్రంథాలయాల చట్టం కింద గ్రాంటు తీసుకునేవాటిలో మాదీ ఒకటి. కాబట్టి కాగితం విలువ నాకు తెలుసు. నాందేడ్‌లో ఒక కాలేజీ లైబ్రేరియన్‌ను కలిస్తే ఆయన ఒక్క మాటే చెప్పారు: "లైబ్రరీ చూడాలని రాయకండి. ఏ పుస్తకం, ఏ సంపుటం, ఎందుకు కావాలో రాయండి." తన కాలేజీ లెటర్‌హెడ్ మీద పరిచయ పత్రం కూడా ఇచ్చారు. నేను మరాఠీలో ఒక పేజీ దరఖాస్తు రాసి, మా వాచనాలయం అధ్యక్షుడితో సంతకం చేయించి, గుండ్రటి స్టాంపు వేయించాను. ఆధార్ జిరాక్స్, పాస్‌పోర్ట్ ఫొటోలు, పెన్సిల్, తెల్ల కాగితాలు. అంతే సామాను.

సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి ముంబయి. రిజర్వేషన్ వెయిటింగ్‌లో ఉండి చివరిదాకా టెన్షన్ పెట్టింది గానీ కన్ఫర్మ్ అయింది. సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో మా బావమరిది ఎదురొచ్చాడు. భివండీలో పవర్‌లూమ్ మీద పని చేస్తాడు. "గింత దూరం లైబ్రరీ కోసం వచ్చినవా బావా?" అన్నాడు. చాయ్ తాగి హుతాత్మా చౌక్ మీదుగా నడిచాం.

లోపలికి వెళ్ళే ముందు ఓవల్ మైదానం వైపు నుంచి భవనాన్ని తీరికగా చూశాను. టవర్ ఎత్తు 280 అడుగులు. గీసింది జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అనే ఆంగ్లేయుడు. ఆయన మన దేశానికి ఎన్నడూ రాలేదు, లండన్‌లోనే కూర్చుని గీసి పంపాడు. పక్కనున్న కావస్‌జీ జహంగీర్ స్నాతకోత్సవ మందిరం కూడా ఆయన గీసిందే. కానీ తల ఎత్తి పైకి చూస్తే కనిపించే మనుషుల బొమ్మలు లండన్‌వి కావు. పశ్చిమ భారతంలోని కులాలు, జాతుల మనుషులు, ఎవరి తలపాగా వాళ్ళది, ఎవరి కట్టు వాళ్ళది. ఆ బొమ్మల నమూనాలు చేసింది ఇక్కడి ఇంజనీరు ముకుంద్ రామచంద్ర. స్కాట్ పేరు అందరూ చెబుతారు, ఈయన పేరు కూడా అంతే గట్టిగా చెప్పాలని నా అభిప్రాయం.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "టూరిస్టా?" అని మరాఠీలో అడిగాడు. చదవడానికి వచ్చానని చెప్పి కాగితాలు చూపించాను. ఆయన స్టాంపు చూసి, రిజిస్టర్‌లో పేరు రాయించుకుని, పక్కన కూర్చోమన్నాడు. బావమరిది పేరు కాగితంలో లేదు, అందుకని మైదానంలో క్రికెట్ చూస్తానంటూ వెళ్ళిపోయాడు. చాలాసేపు కూర్చున్నాను. ఒకరు వచ్చి దరఖాస్తు తీసుకెళ్ళారు, ఇంకొకరు వచ్చి ఫొటోలు తీస్తారా అని అడిగారు. తీయనన్నాను. తర్వాత ఒక మేడం పిలిచి, దరఖాస్తు మొత్తం చదివి, "ధర్మాబాద్ నుంచి కామాఠీల గురించి చదవడానికా?" అని మళ్ళీ అడిగారు. మా ఇంట్లో తెలుగే మాట్లాడతామని చెప్పాను. ఆవిడ ముఖం వెలిగింది. సంచి బయట పెట్టించి, కాగితాలూ పెన్సిలూ తీసుకుని రమ్మన్నారు.

పై హాలులోకి అడుగు పెట్టగానే ముందు పైకే చూశాను. పొడవాటి గది, ఎత్తైన చెక్క కప్పు, కోసుగా లేచిన కిటికీలు. వాటిలో రంగుటద్దాలు. ఎన్నో ఏళ్ళ దుమ్ము పట్టి మసకబారిన ఆ అద్దాలను 2015కు ముందు జరిగిన పెద్ద మరమ్మతులో బాగు చేశారు. 2018లో ఈ భవనమూ ఓవల్ చుట్టుపక్కల కట్టడాలూ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఇదంతా ముందే చదివి వెళ్ళినా, ఎర్ర వెలుగూ నీలి వెలుగూ బల్ల మీద పక్కపక్కనే పడి ఉంటే చేయి పెట్టి చూసుకోకుండా ఉండలేకపోయాను. అదే బల్లకు అవతల ఒక అమ్మాయి పరీక్షకు చదువుకుంటోంది. తల ఎత్తలేదు. నాకు అదే అన్నిటికన్నా నచ్చింది. ఇంత గొప్ప గదిని మ్యూజియం చేయకుండా చదువుకునేవాళ్ళకే ఉంచారు.

పుస్తకం వచ్చింది. అట్ట కొత్తగా కట్టారు, లోపలి కాగితం పసుపు తిరిగి అంచులు పెళుసుగా ఉన్నాయి. మేడం చెప్పినట్టు రెండు చేతులతో మెల్లగా తిప్పాను. కామాఠీపుర దగ్గర ఆగి, ఆ పేజీలు పెన్సిల్‌తో ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. ఇంగ్లీషు దొర రాసిన తీరులో మన కూలీలు ఒక పేరాకు మించి ఉండరు. ఆ పేరా కూడా నాకు అక్కరకొచ్చింది. ప్రతి పావుగంటకూ పైన గంట మోగింది. రాజాబాయికి చూపు లేదని, జైన ఆచారం ప్రకారం పొద్దు గుంకేలోపు భోజనం చేయడానికి ఆ గంట ఆమెకు వేళ తెలిపేదని ముంబయిలో చెప్పుకుంటారు. కథో నిజమో గానీ, గంట మోగినప్పుడల్లా నేను తల ఎత్తి వినేవాణ్ణి.

టవర్ పైకి పంపిస్తారా అని అడిగాను. సందర్శకులను పంపరన్నారు. నేను మళ్ళీ అడగలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు పని దినం చూసుకుని పొద్దున్నే వెళ్ళండి. ఏ పుస్తకం కావాలో పేరు, సంవత్సరం, సంపుటంతో సహా రాసి, ఏదైనా కాలేజీ నుంచో లైబ్రరీ నుంచో పత్రం తీసుకెళ్ళండి. కొత్త పుస్తకాలు ఎక్కువగా కలీనా క్యాంపస్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ లైబ్రరీలో ఉంటాయి, ఈ లైబ్రరీ ఉన్న ఫోర్ట్ ప్రాంతానికి పాతవాటి కోసమే వెళ్ళండి. మైదానం ఉన్నది పడమర దిక్కున. మధ్యాహ్నం తర్వాత ఎండ ఆ కిటికీల మీదికి వస్తుంది, వీలైతే అప్పటిదాకా ఉండండి.

నా నోట్సు తెలుగులోనూ మరాఠీలోనూ టైపు చేయించి వాచనాలయంలో ఫైలు పెట్టాను. బావమరిది కూడా ఒక కాపీ అడిగాడు. వాళ్ళ తాత భివండీకి రాకముందు కొన్నాళ్ళు కామాఠీపురలో ఉన్నాడట. ఏ గల్లీలోనో ఇప్పుడు ఆరా తీస్తున్నాడు.